ఆ అడుగు ఎవరిది

"ఆ కుక్కరు కాసేపాగి పెట్టుకోరాదా, నాకు క్లయింటు కాల్ ఉండాది" అని గది తలుపు ఓరగా తీసి చెప్పి, జవాబు కోసం ఆగకుండా మళ్లీ వేసుకున్నాడు హెన్రీ. ఆ మాట అనేటప్పుడు అతని ఎదురుగా, భోజనాల బల్ల దగ్గర, కరుణశ్రీ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ముందు ల్యాప్‌టాప్ తెరుచుకుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని గోరుచిక్కుడు కాయలు తుంచుతూ ఉంది. ఆమెకూ కాల్ ఉంది. ఆ కాల్‌లో జట్టు మొత్తం ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూస్తోంది. అయినా "ఒక్క నిమిషం" అని వాళ్లతో చెప్పి, లేచి వెళ్లి పొయ్యి కట్టేసింది. ఎందుకు కట్టేశావని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. పెళ్లైన కొత్తలో ఏదో ఒక జవాబు ఉండేది. వాడకపోయేసరికి అదీ పోయింది.

ఆత్మకూరులో ఆ ఇల్లు హెన్రీ తండ్రి కట్టించింది. ఆయన పాస్టరుగా పేరు తెచ్చుకుని, కొన్నేళ్ల కిందట కాలం చేశారు. కరోనా వచ్చి మొగుడూ పెళ్లాం ఇద్దరూ ల్యాప్‌టాపులు చంకన పెట్టుకుని ఆ ఇంటికి చేరినప్పుడు పంపకాలు ఎవరూ కూర్చుని చేయలేదు, వాటంతట అవే జరిగిపోయాయి. ఏసీ ఉన్న గది, అందులో బల్ల, తిరిగే కుర్చీ, తలుపు హెన్రీకి వెళ్లాయి. ఫ్రిజ్జు పక్కన బల్ల చివర, వచ్చేపోయేవాళ్లకు మంచినీళ్లిచ్చే బాధ్యత కరుణశ్రీకి వచ్చాయి. హెన్రీ చెన్నై కంపెనీలో మేనేజరు. కరుణశ్రీ హైదరాబాదు కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. అత్తగారు ప్రమీలమ్మ మాత్రం వీధిలో వాళ్లకు "మావోడు కంపెనీలో పెద్ద మేనేజరు, కోడలు కూడా ఇంట్లోనే ఉండి కంప్యూటర్ చూసుకుంటా ఉంటాది" అని చెబుతుంది. ఆ 'కూడా' అనే మాటలో కరుణశ్రీ బీటెక్కు, ఇన్నేళ్ల ఉద్యోగం అన్నీ ముడుచుకుని కూర్చోవాలి.

నిజానికి ఏడాదికి పైగా ఆమె చేస్తున్నది టెస్టింగ్ ఒక్కటే కాదు. జట్టుకు లీడ్‌గా ఉన్నాయన మానేసి పోయినప్పుడు మేనేజరు సుధీర్ ఫోన్ చేసి, కొత్తవాళ్లు దొరికేదాకా కొంచెం చూసుకోమన్నాడు, నీకైతే అలవాటే కదా అన్నాడు. ఏది అలవాటో చెప్పలేదు. అప్పటి నుంచి ఎవరు ఏ పని చేయాలో పంచడం, పెద్ద పెద్ద ఆసుపత్రులు వాడే ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే ఎవరూ బెదిరిపోకుండా దాన్ని సరిచేయించడం, ఇద్దరి మధ్య మాట పట్టింపులొస్తే విడివిడిగా మాట్లాడి కలపడం, అన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. పైవాళ్ల మీటింగుల్లో ఆ పనంతా 'సుధీర్ టీమ్' చేసిన పని. ఇన్నాళ్లకు ఆ లీడ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పెట్టారు. కరుణశ్రీ దరఖాస్తు చేసింది. ఆమెకు ఆ ఉద్యోగం కావాలి. ఊరికే పైకి అనే కావాలి కాదు, కడుపులో నుంచి వచ్చే కావాలి. చేస్తున్న పనికి తన పేరు పెట్టుకోవాలి. లీడ్ అయితే ఇంట్లో కూడా తలుపున్న గది ఒకటి అడగొచ్చని ఎక్కడో చిన్న ఆశ కూడా ఉంది. ఆ ఆశ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, సర్దుకోమంటారని.

ఆదివారాలు మాత్రం ఆమెవి. పొద్దున్నే మధ్యాహ్నానికి కూడా వండి పెట్టి, బస్సెక్కి ఉదయగిరి పోతుంది. ఉదయగిరి పక్కనున్న పాలెంలో ఆమె పుట్టి పెరిగింది. అక్కడ ఇప్పుడు ఆమెకంటూ ఇల్లు లేదు. చర్చి ఉంది, చర్చి వెనక మైదానం ఉంది, ఆరాధన అయ్యాక ఆ మైదానంలో కోలాటం ఆడే స్త్రీల సమాజం ఉంది. అంగన్‌వాడీ టీచరు విజయకుమారి, మిరప కోతలకు పోయే మస్తానమ్మ, కుట్టుమిషను పెట్టుకున్నామె, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లు, అందరూ కలిసి ఆడతారు. క్రిస్మస్‌కు ఉదయగిరి బజార్లోనూ, ఎవరైనా పిలిస్తే సీతారామపురం దాకానూ పోయి ఆడి వస్తారు.

వేరే ఊళ్లలో కోలాటానికి ఒక గురువును పెట్టుకుంటారు. ఒకప్పుడు ఈ పాలేనికి రమ్మంటే ఏ గురువూ రాలేదు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దాంతో కరుణశ్రీ తల్లి రోజుల్లో ఆడవాళ్లు వాళ్లకు వాళ్లే నేర్చుకున్నారు, గురువు లేనందువల్ల కొన్ని పద్ధతులు వాళ్లే పెట్టుకున్నారు. కొత్తగా ఎవరు చేరినా లోపలి వరసలో నిలబెడతారు. ఆమె కాళ్లు ఎంత వేగంగా పడితే ఆ రోజు పాట అంతే వేగం. త్వరగా అని ఎవరూ అనకూడదు. ఒకరి చేతిలో కోల జారి పడితే పాట ఆగదు, ఆమె వంగి వెతుక్కోదు. జంటగా ఉన్నామె తన రెండు కోలలూ తనే కొట్టుకుంటూ ఆ చరణం అయ్యేదాకా ఇద్దరి వాటా తానే చూస్తుంది. ఎవరి కోల పడిందని తర్వాత కూడా అడగరు.

అన్నిటికంటే గట్టి పద్ధతి ఇంకొకటుంది. ఎవరు కొత్త అడుగు కనిపెడితే ఆ అడుగుకు వాళ్ల పేరే. ఒకసారి తిరగబోతూ మోకాలు పట్టేసి మస్తానమ్మ సగంలో ఆగి ఎడమ కాలి మీద వెనక్కి వచ్చింది. అది చూసి అందరూ నవ్వారు, తర్వాత అందరూ అట్లాగే తిరిగి చూశారు, బాగుంది. ఇప్పుడది మస్తానమ్మ మలుపు. మధ్యలో నిలబడి తాళాలు వేస్తూ పాట ఎత్తుకునే మనిషి, మలుపు రాబోయే ముందు "మస్తానమ్మా" అని కేకేస్తుంది, వలయం మొత్తం అలా తిరుగుతుంది. చనిపోయిన వాళ్ల అడుగులు కూడా ఉన్నాయి. రెబెకమ్మ పోయి చాలా కాలమైంది, ఆమె పేరు మాత్రం ప్రతి ఆదివారం ఆ మైదానంలో వినిపిస్తుంది. తల్లి తర్వాత ఆ తాళాలు కరుణశ్రీ చేతికొచ్చాయి. పేర్లు పిలిచేది ఆమే.

ఉద్యోగంలో ఆమె చేసింది పెద్ద విద్యేమీ కాదు, ఇదే. మర్రిపాడు నుంచి వచ్చిన జెస్సీ అని కొత్తమ్మాయి జట్టులో చేరితే, పనులన్నీ ఆ పిల్లకు అర్థమయ్యే వేగంలో మాట్లాడుకునేలా చేసింది. మొదట్లో అందరూ విసుక్కున్నారు. నెల తిరిగేసరికి ఎప్పటినుంచో ఎవరికీ అర్థం కాకుండా నడుస్తున్న చోట్లు నాలుగు బయటపడ్డాయి, ఎందుకంటే అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పే మనిషి అప్పటిదాకా లేదు. ఒకరు రాసిన కోడ్ చెడితే పక్కవాళ్లు ముందు దాన్ని నిలబెట్టాలి, ఎవరిదని ఆ రోజు అడగకూడదు అని చెప్పింది. ఎవరు మంచి ఉపాయం కనిపెడితే దానికి వాళ్ల పేరు పెట్టింది. మందుల చీటీలో ఒకే మందు రెండుసార్లు పడకుండా జెస్సీ కట్టిన తనిఖీని ఇప్పుడు అందరూ 'జెస్సీ వల' అంటారు. ఆ మాట మొదటిసారి మీటింగులో విన్నప్పుడు ఆ పిల్ల కెమెరా కట్టేసింది. ఏడ్చిందని అందరికీ తెలిసింది.

ఇంటర్వ్యూలో ఇదంతా చెప్పాలని కరుణశ్రీ అనుకుంది. హెన్రీ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఒక సాయంత్రం అతనికే ముందు చెప్పి చూసుకుంది. అతను మంచం మీద పడుకుని ఫోన్ చూస్తూ విన్నాడు. వింటున్నాడో లేదో తెలియలేదు గానీ మధ్య మధ్యలో ప్రశ్నలు వేశాడు. వలయం ఎన్ని వరసలు, పేరు పెట్టేది ఎవరు, చనిపోయిన వాళ్ల పేర్లు కూడా నిజంగా పిలుస్తారా. ఇంత శ్రద్ధగా భర్త తన మాట వినడం ఆమెకు కొత్త. సంతోషం పట్టలేక కాలర్లు రెండోసారి కూడా ఇస్త్రీ చేసింది. అంతా విని అతను ఫోన్ పక్కన పెట్టి చెప్పింది మాత్రం వేరు.

"ఇంటర్వ్యూలో ఈ కోలాటం మాట ఎత్తబాక మే. నవ్వుతారు. ఏదో పల్లెటూరి డాన్సు చెప్పుకొని ఉద్యోగం అడుగుతుండాది అనుకుంటారు. సర్టిఫికెట్లు ఏమన్నా ఉంటే అయి చెప్పుకో."

ఆమె సర్టిఫికెట్లు వెతుక్కుంది. అతను మరుసటి వారం చెన్నైలో ఏదో సదస్సు ఉందని, అక్కడ తను మాట్లాడాలని, నీలం చొక్కా పెట్టమని చెప్పి పోయాడు.

వీడియో ఆమెకు హెన్రీ పంపలేదు. స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పాలెంలో ఎవరో కుర్రాళ్లు చూసి మస్తానమ్మకు చూపిస్తే, ఆమె ఉబ్బితబ్బిబ్బై గొంతు రికార్డు చేసి పంపింది: "పాపా, అల్లుడు నా పేరు చెప్పినాడు చూడు, మెడ్రాసులో అందురూ చప్పట్లు కొట్టినారు." కరుణశ్రీ గిన్నెలు తోముతూ తడి వేలితోనే నొక్కి చూసింది. వేదిక మీద హెన్రీ బాగా ఉన్నాడు. ఇస్త్రీ నలగలేదు. ఉదయగిరి కొండ ఫొటో ఒకటి వెనక తెర మీద వేశాడు. మా ప్రాంతపు శ్రామిక మహిళల కోలాటం నాకు సాఫ్ట్‌వేర్ జట్లను నడిపించడం నేర్పింది అన్నాడు. కొత్త మనిషి వేగమే జట్టు వేగం అన్నాడు. పడిన కోల ఎవరిదని అడగరు అన్నాడు. ఎన్నో ఆదివారాలు ఆ మైదానం అంచున మట్టిలో కూర్చుని వాళ్లను చూశాను అన్నాడు.

పెళ్లైనప్పటి నుంచి హెన్రీ ఆ మైదానంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం అతను నిద్రపోతాడు.

చివర్లో పేర్ల సంగతి చెప్పాడు. "ఎవరు కనిపెట్టిన అడుగుకు వాళ్ల పేరే. మనం మన కంపెనీల్లో ఎంతమంది ఆడవాళ్ల ఆలోచనలు తీసుకుని వాళ్ల పేరు చెప్పడం మరిచిపోయాం?" అని గొంతు కొంచెం బొంగురు చేసి ఆగాడు. హాలంతా లేచి నిలబడింది. మస్తానమ్మ పేరు చెప్పాడు. రెబెకమ్మ పేరు చెప్పాడు. కుట్టుమిషను ఆమె పేరు కూడా చెప్పాడు. ఆ పేర్లన్నీ అతనికి చెప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా రాలేదు. కరుణశ్రీ వీడియోను వెనక్కి తిప్పి మళ్లీ చూసింది, ఒకవేళ నీళ్ల చప్పుడులో వినపడలేదేమోనని. కుళాయి కట్టేసి ఇంకోసారి చూసింది. మనిషి ఎంత పిచ్చిది కాకపోతే అట్లా చూస్తుంది అని తర్వాత తనను తానే తిట్టుకుంది.

రాత్రి అన్నం పెట్టేటప్పుడు అడిగింది, నన్ను చెప్పొద్దన్న మాటే మీరు చెప్పారే అని. హెన్రీకి కోపం రాలేదు. వస్తే బాగుండేది, గొడవ పడడానికి వీలుండేది. పిల్లలకు లెక్క విడమరిచినట్టు విడమరిచాడు.

"నువ్వు చెప్తే అది ఆడోళ్ల ముచ్చట మే. నేను చెప్తే పాయింట్ అవతాది. మనిద్దరం ఒకటే గదా, ఎవురు చెప్తే ఏంది?"

"నా పేరన్నా చెప్పొచ్చు గదా."

"పెళ్లాం పేరు స్టేజీ మీద చెప్తే సొంత డబ్బా కొట్టుకుంటుండాడు అంటారు. ఆ మాత్రం తెలీదా నీకు? ఆ చారు ఇటు పెట్టు."

ఆమె చారు అటు పెట్టింది. ప్రమీలమ్మ తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉంది.

ఇంటర్వ్యూ రోజు కరుణశ్రీ వంటగది తలుపు మూసుకుని కూర్చుంది, ఆ ఇంట్లో ఆమె మూసుకోగలిగిన తలుపు అదొక్కటే. సుధీర్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు తెర మీద ఉన్నారు. జట్టును ఎలా నడిపిస్తారని అడిగారు. సర్టిఫికెట్లు గుర్తొచ్చాయి, హెన్రీ మాట గుర్తొచ్చింది. కానీ ఆమె దగ్గర ఉన్న నిజం ఒక్కటే, దాన్ని పక్కన పెట్టి వేరేది చెప్పడం ఆమెకు చేత కాలేదు. కోలాటం గురించి చెప్పింది. కొత్త మనిషి వేగం గురించి సగం చెప్పేలోపే ముగ్గురి ముఖాల్లోనూ తెలిసిన మాట విన్నప్పటి చిరునవ్వు వచ్చింది. సుధీర్ ఎంతో మర్యాదగా, హెన్రీ గారి వీడియో మేమంతా చూశామండీ, చాలా గొప్పగా ఉంది, మీరు ఇంట్లోనే ఉండి బాగా నేర్చుకుంటున్నారు అన్నాడు. అది నాది సార్, ఆయనకు చెప్పిందే నేను అంది కరుణశ్రీ. ఇంట్లో ఎవరిదైతే ఏంటి లెండి అని ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు. వాళ్లకు అది నిజంగానే చిన్న విషయం.

తర్వాత వచ్చిన మెయిల్‌లో, కష్టపడే తత్వం ఉంది గానీ సొంత ఆలోచన ఇంకా రావాలి, వచ్చేసారి తప్పక చూద్దాం అని ఉంది. లీడ్ ఉద్యోగం పక్క జట్టులోని వెంకటేష్‌కు ఇచ్చారు. వెంకటేష్ మంచివాడే. ఆ రోజే ఫోన్ చేసి, జట్టు ఇంత బాగా ఎట్లా నడుపుతున్నారో కాస్త నేర్పించండి మేడమ్, నాకు కొత్త అన్నాడు. ఆమె నేర్పించింది. ఎవరికి ఏ పని ఇస్తే భయపడరో, ఎవరు మాట్లాడకపోతే బాధలో ఉన్నట్టో, జెస్సీతో పొద్దున ఎందుకు మాట్లాడాలో అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేశాక బియ్యం కడుగుతూ ఆ గిన్నెలోనే ఏడ్చింది. తను ఇన్నేళ్లు కూడబెట్టుకున్నది అంతా ఇప్పుడు మొగుడి దగ్గర నేర్చుకున్నదైపోయింది. ఇకనుంచి ఎక్కడ నోరు తెరిచినా తన మాట తానే కాపీ కొట్టినట్టు ఉంటుంది. దొంగతనం జరిగిన ఇంటివాళ్లు ఫిర్యాదుకు పోవచ్చు. ఇది అలా కూడా కాదు, సొమ్ము ఇంట్లోనే ఉంది.

ఆ ఆదివారం పాలెంలో అందరూ పండగలా ఉన్నారు. కరుణశ్రీ ముఖం చూసి విజయకుమారి పక్కకు పిలిచింది. జరిగింది విన్నాక ఆమెకు కోపం వచ్చింది. మస్తానమ్మకు మాత్రం మొదట అర్థం కాలేదు. అల్లుడు మన పేర్లు చెప్పినాడు గదా, మంచే గదా అంది. తర్వాత వేళ్ల మీద పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయి ఆగింది.

"అవునే. నీ పేరు మనకాడ కూడా లేదు గదా పాపా. ఎప్పుడూ నువ్వు పిలిచేదే గాని, నిన్ను పిలిచిందే లేదు."

తాళాలు వేసే మనిషి వలయంలో ఆడదు. ఆడదు కాబట్టి ఆమెకు అడుగు ఉండదు. ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు, కరుణశ్రీకీ తట్టలేదు. మస్తానమ్మ ఇంకో మాట అడిగింది.

"అయితే అల్లుడు ఈడికి రానే రాలేదని ఆడ ఎవురికీ తెలీదా?"

"తెలీదు."

"చెప్పేవాళ్లు లేకపోతే ఎట్ట తెలస్తాది" అని ఆమె కోలలు తీసుకుని లేచింది. ఎవరినీ తప్పు పట్టినట్టు కాదు, ఉన్న సంగతి అన్నట్టే అంది.

తర్వాతి వారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగుల సంగతులు చూసే అమ్మాయి చాలా హుషారుగా మాట్లాడింది. హెన్రీ గారితో మన కంపెనీ మొత్తానికి ఒక ప్రసంగం పెట్టించాలని సుధీర్ సార్ అన్నారట. మీరు ఆయన భార్య కాబట్టి పరిచయం మీరే చేస్తే ఎంతో బాగుంటుందట. రెండు నిమిషాలు, సరదాగా. కరుణశ్రీ సరేనంది. హెన్రీ పొంగిపోయాడు. నువ్వు ఏం చెప్తావో ఏమో అని పరిచయం కూడా అతనే రాసిచ్చాడు. అందులో 'నా జీవితంలో నాయకత్వం అంటే ఏమిటో నేర్పిన నా భర్త' అనే మాట ఉంది. ఆ మాట దగ్గర కొంచెం నవ్వుతూ చెప్పమన్నాడు.

ప్రసంగానికి ముందురోజు ప్రమీలమ్మ, కరుణశ్రీ వరండాలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. కోడలు మాట్లాడకుండా ఉండడం అత్తగారు గమనిస్తూనే ఉంది. మనసులో పెట్టుకోబాక, మొగోళ్లు అంతే, నలుగురిలో నిలబడేది వాళ్లు, వెనకుండేది మనం అని మొదలుపెట్టింది. రోజూ వినేదే కదా అని కరుణశ్రీ గింజలు తీస్తూనే ఉంది. అప్పుడు ప్రమీలమ్మ చేతిలో పని ఆపకుండానే చెప్పింది.

"మీ మామ ఆదివారం చర్చిలో చెప్పే వాక్యమంతా శనివారం నేను రాసిచ్చిందే. ఆయనకు చదివేది వచ్చు గాని, అల్లేది రాదు. దుత్తలూరు నుంచి, వింజమూరు నుంచి జనం వచ్చి ఆయన చేతులు పట్టుకొని ఏడ్చేవాళ్లు. నేను ఆడోళ్ల వరసలో కూర్చోని చూసేదాన్ని. ఎవురికన్నా చెప్పినానా?"

కరుణశ్రీ తల ఎత్తింది. ఎందుకు చెప్పలేదు అత్తా అని అడిగింది. ఎవురూ అడగలా అంది ప్రమీలమ్మ. ఆయనకు కూడా పోనుపోను తనే రాసుకున్నట్టు అనిపించిందో ఏమో, ఒక రోజు నీకేం తెలుసు వాక్యం గురించి అన్నాడంది. ఆ మాట అనేటప్పుడు ఆ ముసలి ముఖం నవ్వబోయి నవ్వలేకపోయింది. హెన్రీకి తెలుసా అని అడిగింది కరుణశ్రీ.

"వాడికి తెలీదు. వాళ్ల నాయన మాదిరే మాట్లాడతాడని ఊరంతా అంటారు. విని ఊరుకుంటా."

ఓర్చుకోమని చెప్పడానికే ఆమె ఆ సంగతి ఎత్తింది. కానీ చెప్పడం అయ్యాక చింతపండు మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. కరుణశ్రీకి మామగారి ఫొటో గుర్తొచ్చింది. హాల్లో పెద్ద ఫ్రేములో, చేతిలో బైబిలుతో, కింద 'దైవజనులు, మహావక్త' అని బంగారు రంగు అక్షరాలతో ఉంటుంది. పెళ్లైనప్పటి నుంచి ప్రతి శనివారం ఆ ఫ్రేము తుడిచేది కరుణశ్రీ. తనకంటే ముందు ఎన్నో ఏళ్లు తుడిచింది ప్రమీలమ్మ. ఆమె ఆ అక్షరాలు తుడుస్తూ ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటే కరుణశ్రీకి ఒళ్లు మండింది. ఇదేదో తన ఒక్క సంసారంలో పడిన ముడి కాదు. ఈ ఇంట్లో మగవాళ్లకు మాటలు వంటగదిలో నుంచే వస్తాయి, అన్నంతో పాటు. తిన్నవాళ్లు వండినామె పేరు అడగరు. తను ఇప్పుడు ఊరుకుంటే రేపు ఇంకెవరికో ఇదే కథ ఓదార్పుగా చెబుతుంది, ఇదే చింతపండు దగ్గర కూర్చుని.

మరుసటి రోజు మధ్యాహ్నం హెన్రీ నీలం చొక్కా వేసుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. కరుణశ్రీ బల్ల చివర కూర్చుంది. తెర మీద ఒకదాని పక్కన ఒకటి ముఖాలు చేరుతున్నాయి. సుధీర్ వచ్చాడు, వెంకటేష్ వచ్చాడు, జెస్సీ వచ్చింది, ఎప్పుడూ చూడని పెద్దవాళ్లు వచ్చారు. మధ్యలో ఒక పెట్టెలో హెన్రీ, గోడ అవతలి మనిషి, ఏసీ గాలికి జుట్టు కదులుతూ కనిపిస్తున్నాడు. పరిచయం చేయమని ఆమె పేరు పిలిచారు. హెన్రీ రాసిచ్చింది పక్కనే ఉంది. దాన్ని ఆమె చించలేదు, మడవలేదు, దాని వైపు చూడలేదంతే. మైదానంలో పేరు పిలిచేటప్పటి గొంతే వచ్చింది.

"అందరికీ నమస్కారం. ఇప్పుడు మాట్లాడబోయే హెన్రీ నా భర్త. ఉదయగిరి పక్కన పాలెంలో ఆడవాళ్ల కోలాటం జట్టు గురించి చెబుతారు. ఆ జట్టుకు పాట ఎత్తుకునేది నేను, నాకంటే ముందు మా అమ్మ. ఆయన చెప్పేవన్నీ నేను ఆయనకు చెప్పినవి. ఏడాది నుంచి మన జట్టులో నేను చేస్తున్నవి. ఆయన ఆ మైదానానికి ఇంతవరకు రాలేదు. ప్రశ్నలుంటే ఆయన్నే అడగండి."

మైకు ఆపేసింది. సుధీర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. వంటగది గుమ్మంలో ప్రమీలమ్మ నిలబడి ఉంది, ఎప్పటి నుంచి ఉందో తెలియదు. గోడ అవతల తిరిగే కుర్చీ ఒకసారి కిర్రుమని ఆగింది. తర్వాత హెన్రీ గొంతు గోడలో నుంచి ఒకసారి, హెడ్‌ఫోన్‌లో నుంచి ఒకసారి వినిపించింది. తండ్రి గొంతులాంటి ఆ మంచి గొంతు, నవ్వుతున్న గొంతు.

"మా ఆవిడకు హాస్యం కొంచెం ఎక్కువండీ."

తెర మీద ఒకరిద్దరి పెదాలు సాగాయి. వాళ్లకు ఊపిరాడింది, నవ్వేయొచ్చని తెలిసింది. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకబోతోంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అంతా సర్దుకుంటుంది, ప్రసంగం సాగుతుంది, రాత్రికి చారు ఇటు పెట్టమంటాడు. కరుణశ్రీ మైకు మళ్లీ తెరిచింది.

"హాస్యం కాదు" అంది.